తలవాకిటి బేరములు - మనవారి జాగ్రత్త

హోసూరు మొదలు బరంపురము వరకు, షోలాపురము మొదలు యానాము వరకు మనవారు తరతరములుగా కాపురముండు వీధులలో ఇటీవల ఒక క్రొత్త రకపు రాకపోకలు హెచ్చినవి. పగలు పదకొండు గంటల వేళ, పనులకు పోవువారు పోగా వృద్ధులు మాత్రమే ఇంట మిగిలియుండు సమయమున, మెడలో గుర్తింపు బిళ్ల వ్రేలాడుచుండగా ఇద్దరు యువకులు వచ్చి తలుపు తట్టుదురు. ఒకరు నీటిని శుద్ధిచేయు యంత్రమును గూర్చి చెప్పుదురు. మరియొకరు మిద్దె కారకుండ పూయు రంగును గూర్చి, వేరొకరు సూర్యరశ్మితో విద్యుత్తు నిచ్చు పలకలను గూర్చి, ఇంకొకరు వంటయింటి అలమారలను గూర్చి చెప్పుదురు. ఇల్లు బాగుచేసికొను వస్తువులను అమ్ముట నేరము కాదు. కొనుటయు తప్పు కాదు. కాని "ఈ దినమే, ఈ గడియలోనే" అని పట్టుబట్టి, చేవ్రాలు పెట్టించుకొననిదే కుర్చీ నుండి లేవని పద్ధతి యొకటి ప్రబలుచున్నది. దానిని గూర్చి మన కుటుంబములు తీరికగా ఆలోచింపవలసిన సమయము వచ్చినదని మా అభిప్రాయము.

ఈ పద్ధతి అందరినీ బాధించునదే యైనను, మన విషయమున దీనికి మరియొక ముఖము కలదు. ఇతర భాషల నడుమ బ్రదుకుచున్న మనకు, తలుపు వద్ద తెలుగు మాట వినబడినంతనే మనస్సు కరగును. ఇది లోపమని మేము చెప్పము. భాషాభిమానము లేకున్నచో ఇన్ని తరములు మనము తెలుగువారముగా నిలిచియుండెడివారము కాము. కాని ఆ అభిమానమును తెలిసిన విక్రేత దానిని వాడుకొనక మానడు. గుమ్మముపై పేరు చూచి "పిన్నిగారూ, మీరు తెలుగువారేనా? మాదియు నెల్లూరు వైపే" అని ఆరంభించును. మంచినీళ్లు అడుగును. ఇంటిపేరు అడిగి, ఏదో యొక చుట్టరికము కలుపును. పావుగంటలో అపరిచితుడు అక్కకొడుకు వరుసవాడగును. అంతవరకు అంతయు తెలుగే. తరువాత సంచిలోనుండి తీయు కాగితము మాత్రము ఆంగ్లమున, చీమలబారు వంటి అక్షరములతో నుండును. మాట యిచ్చినది తెలుగున. కట్టుబడవలసినది ఆ ఆంగ్ల పత్రమునకు.

మన ఇండ్లలో ఎవరెవరు ఏ లిపి చదువగలరో ఒక్కసారి లెక్కించి చూడుడు. అవ్వకు తెలుగు అక్షరములు వచ్చును; తమిళము ధారాళముగా మాటాడును గాని చదువలేదు. కుమారుడు తమిళ మాధ్యమమున చదివినవాడు. 2006లో తమిళనాట తమిళ అధ్యయన చట్టము వచ్చి, ఒకటవ తరగతి మొదలుకొని ఏటేట తమిళము నిర్బంధ పాఠ్యమైన పిదప బడికి పోయిన మనుమలలో పలువురు తెలుగు మాటాడుదురే గాని వ్రాయలేరు. షోలాపురమున మరాఠీ, బళ్లారిలో కన్నడము, బరంపురమున ఒడియా. భాష పేరు మారును గాని ఇంటి పరిస్థితి ఇంచుమించుగా ఇంతే. పగటివేళ ఒంటరిగా నుండు ఆ వృద్ధురాలికి ఆంగ్లపు ఒప్పందము గోడ మీది గీతలతో సమానము. ఐనను ఆమె పెట్టిన చేవ్రాలు చేవ్రాలే. చదువకుండ పెట్టితినని తరువాత చెప్పి తప్పించుకొనుట సులభము కాదు.

వర్తకులముగా మేము ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. ఇంటింటికి పోయి అమ్ముట హీనమైన వృత్తి కాదు. మన పూర్వులలో ఎందరో చీరల మూట భుజమున వేసికొని ఊరూర తిరిగినవారే. అరువిచ్చి, నెలనెల వచ్చి, కొంచెము కొంచెముగా సొమ్ము వసూలు చేసికొనినవారే. చీర రంగు వెలిసినచో మరుసటి నెల అదే అరుగు మీద ఇల్లాలు వారిని నిలదీసెడిది. తిరిగి రావలసినవాడను భయమే ఆనాటి వర్తకుని మాటకు పూచీ. అంగడి పెట్టుకొన్నవానికిని అంతే. ఎవరు కోపించినను మరునాడు అంగడి తలుపు తీయక తప్పదు. ఈనాటి తలవాకిటి బేరములలో పలుచోట్ల ఆ పూచీ లేదు. అమ్మువాడొకడు, అమర్చువాడొకడు, సొమ్ము పుచ్చుకొనువాడొకడు. చెడినప్పుడు పలుకువాడెవడో కాగితము వెదకినను తెలియదు. చేవ్రాలునకు ఇంత యని కమీషను దక్కువానికి నేటి సంతకమే ముఖ్యము. రేపటి ఫిర్యాదు వాని లెక్కలోనికి రాదు.

వారు ధర తగ్గించు రీతిని గమనింపుడు. ఉదాహరణకు మొదట 90,000 రూపాయలందురు. "మీరు మనవారు కనుక" 70,000. పై అధికారితో ఫోనులో మాటాడినట్లు మాటాడి 58,000. "సాయంకాలము ఆరుగంటల లోపల ఐనచో" 52,000. వినువారికి 38,000 రూపాయలు మిగిలినట్లు తోచును. అంగడిలో కూర్చుండువానికి మరియొక విధముగా తోచును. సరకు కొన్న వెల, కూలి, బాడుగ, న్యాయమైన లాభము కలిపి కట్టిన ధరలో నూటికి ఐదో పదియో తగ్గింపవచ్చును. గంటలో నూటికి నలువది తగ్గినదనగా మొదట చెప్పినది ధరయే కాదు. నేడు 52,000కు గిట్టినది వచ్చే సోమవారమును గిట్టును. ఆ నడుమ మీరు మరియొక అంగడిలో విచారించుటయే వారికి గిట్టదు. కావున గడువు అనునది సరకునకు సంబంధించినది కాదు, మీ ఆలోచనను ఆపుటకు కట్టిన కట్ట.

ఇక భయపెట్టు విధానము. నీటి యంత్రములు అమ్మువారిలో కొందరు "ఉచిత పరీక్ష" యని చూపు వినోదమును మన ఆడువారు పలువురు చూచియే యుందురు. రెండు గ్లాసులలో కుళాయి నీరును, యంత్రపు నీరును పోసి, లోహపు కడ్డీలను ముంచి విద్యుత్తు పంపుదురు. రెండు నిమిషములలో కుళాయి నీరు గోధుమవన్నెకు తిరిగి తెట్టు కట్టును. యంత్రపు నీరు తేటగా నుండును. "ఈ విషమునా మనుమలకు త్రాగించుచున్నారు?" అని అడుగుదురు. అందలి రహస్యము స్వల్పము. ఆ కడ్డీలలో ఇనుము ఉండును. విద్యుత్తు పారగా ఆ ఇనుమే కరగి త్రుప్పువలె తేలును. నీటిలో లవణములున్నచో విద్యుత్తు బాగుగా పారును, లేనిచో పారదు. వారి యంత్రపు నీటిలోనే చిటికెడు ఉప్పు వేసి తిరిగి కడ్డీలు ముంచుమని కోరుడు. ఆ నీరును రంగు మారును. గ్లాసులోని మురికి కుళాయినుండి రాలేదు, కడ్డీనుండి వచ్చినది.

కలమువంటి మరియొక పరికరముతో టీడీఎస్ అను సంఖ్యను చూపుదురు. అది నీటిలో కరిగియున్న లవణాదుల మొత్తమునకు అంచనా మాత్రమే. సూక్ష్మక్రిములు ఉన్నవో లేవో అది చెప్పజాలదు. భారతీయ ప్రమాణముల సంస్థ 2012లో సవరించిన త్రాగునీటి ప్రమాణము ప్రకారము లీటరునకు 500 మిల్లీగ్రాముల వరకు అంగీకారయోగ్యము. వేరు నీటివసతి లేనిచోట 2,000 వరకు అనుమతింపబడినది. సంఖ్య 300 ఉన్నదని బెదరవలసిన పని లేదు. ఉప్పునీటి బావులున్న తీరగ్రామములలోను, ఫ్లోరైడు బాధయున్న చోట్లను ఆర్వో యంత్రము నిజముగా ఉపకరించును. ఇతర చోట్ల అది ఇచ్చు నీటికంటె పారబోయు నీరే సాధారణముగా ఎక్కువ. ఏది కావలెనో నిర్ణయించునది ప్రభుత్వపు నీటి పరీక్షశాల వ్రాసియిచ్చు పత్రము కావలెను. అమ్మవచ్చినవాడు చూపు గ్లాసు కాకూడదు.

మిద్దెల విషయము ఇంకను జాగ్రత్తగా చూడవలసినది. మనవారి పాత ఇండ్లు ఈనాటి కాంక్రీటు ఇండ్ల వంటివి కావు. చెన్నపట్టణపు చుట్టుప్రక్కల పాత మిద్దెలు చెక్క దూలములపై సన్నని ఇటుకలను సున్నముతో నిలువుగా పేర్చి, పైన ఇటుక ముక్కల గచ్చు పోసి, కరక్కాయ బెల్లము నానిన నీటితో తడుపుచు దినముల తరబడి కొట్టి గట్టిపరచినవి. బళ్లారి వైపు మట్టి మిద్దెలపై వానలకు ముందు చవుడు మన్ను పరచు ఆచారము మనవారెరుగుదురు. ఇట్టి కట్టడములలో చేరిన చెమ్మ మెల్లమెల్లగా ఆవిరియై బయటికి పోవలెను. పైన నీరు చొరని రబ్బరు రంగు దట్టముగా పూసినచో పైనుండి దిగునది ఆగవచ్చును గాని, గోడలలో ఇదివరకే చేరిన చెమ్మకు వెలికి దారి మూసికొనిపోవును. పై పూత నిగనిగలాడుచుండగా లోన దూలపు కొనలు మెత్తబడుట కలదు. "పదేండ్ల పూచీ" యని చెప్పువానికి మీ మిద్దె గచ్చుదో కాంక్రీటుదో ముందుగా తెలియునా? సున్నపు పని తెలిసిన ముసలి మేస్త్రిని పిలిచి, ఒకపూట కూలి యిచ్చి మిద్దె చూపించుడు. చాలచోట్ల మూసికొనిపోయిన తూము శుభ్రపరచుటతోను, చిట్లిన పెంకులు నాలుగు మార్చుటతోను కారుట ఆగును.

సూర్యరశ్మి పలకల విషయమున "మేము ప్రభుత్వము పంపగా వచ్చితిమి" అను మాట ఎక్కువగా వినబడుచున్నది. 2024 ఫిబ్రవరి 13న ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము ప్రారంభమైన మాట నిజము. అందు మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటునకు 30,000 రూపాయల చొప్పున, 3 కిలోవాట్లు లేక అంతకు మించినదానికి మొత్తము 78,000 రూపాయలు సహాయముగా నిర్ణయించిరి. కాని దరఖాస్తు పథకపు జాతీయ పోర్టలులో ఇంటివారి పేరనే నమోదు కావలెను. పలకలు అమర్చి, తనిఖీ ముగిసిన పిదప సహాయము ఇంటివారి బ్యాంకు ఖాతాకు జమయగును. అమర్చు సంస్థను అక్కడ నమోదైనవారినుండి ఇంటివారే ఎన్నుకొందురు. కావున "సబ్సిడీ కొరకు ముందుగా ఇంత కట్టుడు" అని చేతికి సొమ్ము అడుగువానిని నమ్మరాదు. "రేపటితో పథకము ముగియును" అనుటయు అట్టిదే. ఏర్పరచిన నాడే దానికి 2026-27 ఆర్థిక సంవత్సరము వరకు గడువుంచిరి గాని ఒక సాయంకాలముతో ముగియునట్లు ఉంచలేదు.

సొమ్ము లేదన్నచో "వాయిదాలలో కట్టవచ్చును, నెలకు రెండువేలే" యని ఫోనులోనే అప్పు పుట్టింతురు. ఇచ్చట మనవారందరు గుర్తుంచుకొనవలసిన నిబంధన యొకటి కలదు. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15న ఇచ్చిన ఆదేశము ప్రకారము, 2024 అక్టోబరు 1 నుండి ఇట్టి అప్పు ఇచ్చు బ్యాంకులును ఫైనాన్సు సంస్థలును ముఖ్యాంశముల పత్రమును ముందుగా అప్పు తీసికొనువారికి ఈయవలెను. వడ్డీ, రుసుములు అన్నియు కలిపి ఏడాదికి నిజముగా నూటికి ఎంత పడునో అందు ఉండవలెను. ఆ పత్రము అప్పు తీసికొనువారికి తెలిసిన భాషలో ఉండవలెనని ఆ ఆదేశము స్పష్టముగా చెప్పినది. అందలి విషయములను వివరించి చెప్పి, తెలిసికొంటిమని వారివద్ద వ్రాయించుకొనవలెను. ఏడు దినములు లేక అంతకు మించిన గడువుగల అప్పులకు, పత్రము చేతికందిన పిదప ఆలోచించుకొనుటకు కనీసము 3 పనిదినములు గడువు ఈయవలెను. తెలుగు మాత్రమే చదువగల అవ్వ "నాకు తెలుగున ఇండు, మూడు దినములు చూచుకొందును" అని అడిగినచో ఆమె దయాభిక్ష కోరుట కాదు, తన హక్కును అడుగుట. ఫోనునకు వచ్చు ఓటీపీ అంకెలను చెప్పుటయు చేవ్రాలు పెట్టుటతో సమానమే యని పెద్దలకు ఇంట తప్పక చెప్పియుంచవలెను.

చట్టము మనకు ఇచ్చిన రక్షణ ఎంతో, ఈయనిది ఎంతో రెండును తెలిసికొనుట మంచిది. 2021 డిసెంబరులో వచ్చిన ప్రత్యక్ష విక్రయ నియమములు, శాశ్వతమైన అంగడి లేక విక్రేతల బృందము ద్వారా అమ్ము సంస్థలకు వర్తించును. వాటి ప్రకారము విక్రేత గుర్తింపు కార్డు లేకుండ, ముందుగా సమయమో అనుమతియో పొందకుండ కొనువారి యింటికి రాకూడదు. వచ్చిన వెంటనే తానెవరో, ఏ సంస్థవాడో, ఎందుకు వచ్చెనో నిజము చెప్పవలెను. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, లోపముగల వస్తువును బిల్లులో చెప్పిన గడువులోను, గడువు చెప్పనిచో 30 దినములలోను తిరిగి తీసికొని సొమ్ము ఈయ నిరాకరించుట అక్రమ వర్తకము. బిల్లు ఈయకుండుటయు అట్టిదే.

కాని ఒక లోటు కలదు. అమెరికాలో ఇంటివద్ద జరిగిన పెక్కు అమ్మకములను 3 పనిదినములలోను, బ్రిటనులో 14 దినములలోను కారణము చెప్పకయే రద్దుచేసికొనవచ్చును. అచ్చట నున్న మన పిల్లలు ఈ మాట విని, ఇచ్చటను అట్లే యుండునని తల్లిదండ్రులకు ధైర్యము చెప్పుచుందురు. మన దేశమున తలవాకిటి అమ్మకములన్నింటికి వర్తించు అట్టి సాధారణ హక్కు లేదు. వస్తువు మంచిదే యైనచో, మనస్సు మారినదని తిరిగి ఈయుట అమ్మినవాని యిష్టమును బట్టి యుండును. అందుచేత మనకు చేవ్రాలు పెట్టిన తరువాతి మూడు దినములు లేవు. చేవ్రాలునకు ముందటి మూడు దినములను మనమే ఏర్పరచుకొనవలెను.

బిల్లును గూర్చి వర్తకులు మాత్రమే గమనించు సంగతి యొకటి చెప్పెదము. ఊరూర అమ్మకములు సాగించు సంస్థ బిల్లుపై 15 అక్షరముల జీఎస్టీ సంఖ్య ఉండవలెను. దాని మొదటి రెండంకెలు ఏ రాష్ట్రమున నమోదైనదో తెలుపును. తమిళనాటికి 33, కర్ణాటకమునకు 29, ఒడిశాకు 21, మహారాష్ట్రకు 27, యానాము చేరిన పుదుచ్చేరికి 34, ఆంధ్రప్రదేశ్‌నకు 37, తెలంగాణమునకు 36. "మా కార్యాలయము ఈ ఊరి బజారులోనే" యని చెప్పినవాని కాగితముపై మొదటి అంకెలు 07 ఉన్నచో అది ఢిల్లీలో నమోదైనది. దూరపు సంస్థయైనంత మాత్రమున మోసకారి కాదు. కాని చెప్పిన మాటకును వ్రాసిన అంకెకును పొంతన లేనిచోట అడ్వాన్సు ఈయరాదు. సంఖ్యయే లేని కాగితము అంచనా చీటీయే గాని బిల్లు కాదు.

మా మాటలకు ఒక ఆక్షేపణ రాగలదు. "ఆ యువకులును పొట్టకూటికి తిరుగువారే గదా, ఎండలో వచ్చినవారిని కసరి పంపుట మన మర్యాదయా?" అని. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. వారిలో పలువురు మన పిల్లల వయసువారు. నెలకు ఇన్ని చేవ్రాళ్లు తేనిచో జీతము లేదని పైవారు నిర్బంధింపగా తిరుగువారు. వారిని తిట్టుటయు, కుక్కను వదలుటయు తెలుగింటి మర్యాద కాదు. మంచినీళ్లు ఇండు, నీడను నిలువనిండు. కాని అతిథి మర్యాద వేరు, ఒప్పందము వేరు. మంచినీళ్లు ఇచ్చినందున చేవ్రాలు బాకీపడము. "ఇంటివారితో ఆలోచించి చెప్పెదము, కాగితము ఇచ్చి వెళ్లుడు" అను మాట మర్యాద మాటయే. నిజమైన వర్తకుడు కాగితము ఇచ్చి వెళ్లును. కాగితము ఈయ నిరాకరించినచో బేరము ఎట్టిదో తెలియనే తెలిసినది. మరియొకరు, "తెలుగువాడు తెలుగువానిని మోసగించునా?" అందురు. మంచివారును చెడ్డవారును ప్రతి భాషయందు నున్నారు. నలుబదేండ్లుగా మన వీధిలో పనిచేయుచున్న తమిళ మేస్త్రియో, ఒడియా ప్లంబరో, నిన్న వచ్చిన తెలుగు అపరిచితునికంటె మనకు దగ్గరివాడని మా అభిప్రాయము.

ఇదివరకే చేవ్రాలు పెట్టినవారు సిగ్గుపడి దాచుకొనవలదు. వృద్ధులు కోడండ్రకు భయపడి, కుమారులకు భయపడి నెలల తరబడి దాచుటచేతనే నష్టము పెరుగుచున్నది. వెంటనే రద్దు కోరుచు సంస్థకు వ్రాతపూర్వకముగా తెలిపి, నకలు ఉంచుకొనుడు. 1872 కాంట్రాక్టు చట్టము ప్రకారము మోసముచేతను, అబద్ధపు మాటలచేతను, అనుచితమైన ఒత్తిడిచేతను పొందిన సమ్మతిని ఆ సమ్మతి యిచ్చినవారు రద్దుచేయగోరవచ్చును. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రపు 1915 సంఖ్యకు ఫోను చేసినచో, అచ్చట ఫిర్యాదు తీసికొను 17 భాషలలో తెలుగును కలదు. షోలాపురము నుండియైనను బరంపురము నుండియైనను తెలుగుననే చెప్పుకొనవచ్చును. అచ్చట తీరనిచో జిల్లా వినియోగదారుల కమీషనునకు మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. సంస్థ యున్న ఊరికి పోనక్కరలేదు. ఐదు లక్షల రూపాయల వరకు రుసుము లేదు, వకీలును పెట్టుకొనక తప్పదను నియమము లేదు. కారణము కలిగిన నాటినుండి రెండేండ్లలో ఫిర్యాదు చేయవలెను. రాష్ట్రములోగాని కేంద్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారులకు కష్టము విన్నవించుకొనవచ్చునని రాజ్యాంగపు 350వ అధికరణము చెప్పుచున్నది. ఈ అధికరణమును మనము బడుల విషయమున మాత్రమే జ్ఞప్తికి తెచ్చుకొనుచున్నాము. ఇంటి మిద్దె విషయమునను అది మనదే.

ఇక మన సంఘము చేయదగిన పనులు. మొదటిది, ప్రతి శాఖయందు ఆంగ్లము, ఆ రాష్ట్ర భాష, తెలుగు మూడును చదువగల ఇద్దరు యువకులు ఆదివారము ఉదయము ఒక గంట కూర్చుండి, ఎవరు ఏ ఒప్పందము తెచ్చినను తెలుగున చదివి చెప్పవలెను. సలహా ఈయనక్కరలేదు, ఉన్నది ఉన్నట్లు చదివిన చాలును. రెండవది, ప్రతి ఊరను నమ్మకముగా పనిచేయు మేస్త్రీల, ప్లంబర్ల, కరెంటు పనివారల పేర్లు, వారి సమ్మతితో, ఒక పుస్తకమున వ్రాసి సంఘ కార్యాలయమున ఉంచవలెను. భాష చూడక పని చూచి వ్రాయవలెను. మూడవది, దూరమున ఉద్యోగములు చేయు పిల్లలు తల్లిదండ్రులతో ఒక ఒప్పందము చేసికొనవలెను: ఐదువేల రూపాయలు దాటిన ఏ బేరమునకైనను ఒక రాత్రి గడచి, ఒక ఫోను చేసిన తరువాతనే చేవ్రాలు. ఇది పెద్దల స్వాతంత్ర్యమును హరించుట కాదు. "మా అబ్బాయిని అడిగి చెప్పెదను" అను మాట వారికి ఒక ఊతకర్ర. మొగమాటమున చిక్కినప్పుడు దానిని ఊని నిలువవచ్చును. మొగమాటము విడువలేకయే మన పెద్దలు చిక్కుచున్నారు గాని, తెలివి లేక కాదు.

ఒకప్పుడు తెలుగు పల్లెలలో దయ్యము తలుపు తట్టునను భయముతో తలుపులపై "ఓ స్త్రీ, రేపు రా" యని వ్రాసెడివారు. కన్నడ సీమలో "నాళె బా" యని వ్రాసిరి. అది మూఢనమ్మకమే కావచ్చును. కాని వచ్చినదానిని దూషింపక, తలుపు విరుగకుండ, మరునాటికి పంపివేయు ఆ ఉపాయమున కొంత లోకజ్ఞానము కలదు. గడువు చూపి తొందరపెట్టు ప్రతి బేరమునకును మన గడపలలో ఇకమీదట అదే ప్రత్యుత్తరము కావలెను. రేపు వచ్చినవానితో, కాగితము తెలుగున చదువుకొని, వీధిలోని మేస్త్రిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, బేరమాడవచ్చును.